గుంతలో పడ్డ స్పోక్ వీల్: లూజైన పుల్లని బిగించేస్తే సరిపోదు

ఈ రోజు ఎపిసోడ్‌లో బండి చక్రం గురించి మాట్లాడుకుందాం. అల్లాయ్ వీల్ కాదు, పుల్లల చక్రం, అదే స్పోక్ వీల్. వర్షాకాలంలో గుంతలో పడి చక్రం ‘అవుట్’ వచ్చిన బండి మీలో చాలామంది ఇళ్లల్లో ఉండే ఉంటుంది. దాన్ని ఎలా బాగు చేస్తారు, ఎప్పుడు బాగు చేయకుండా మార్చేయాలి, ఇంట్లో మనం ఏం చూసుకోవచ్చు అన్నది వరసగా చెప్తాను. దానికంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఎందుకంటే ఆ తప్పుకి దెబ్బ తగిలింది నాకు కాదు, మా అమ్మకి.

పోయిన వర్షాకాలం సంగతి. నాది మామూలు నూరు సీసీ బండి. కాలువ గట్టు రోడ్డు మీద వస్తున్నాను. రోడ్డు మీద నీళ్లు నిలబడి ఉన్నాయి, కింద గుంత ఉందని తెలియలేదు. ముందు చక్రం దబ్‌మని పడింది. పడిపోలేదు, టైరులో గాలి కూడా పోలేదు. ‘హమ్మయ్య’ అనుకుని ఇంటికొచ్చేశాను. మర్నాటి నుంచి నలభై స్పీడు దాటితే హ్యాండిల్ సన్నగా అదరడం మొదలైంది. దిగి చూస్తే రిమ్ అంచు ఒకచోట చిన్నగా నొక్కుకుపోయి ఉంది. సరిగ్గా ఆ నొక్కు దగ్గర నాలుగు పుల్లలు వేలితో కదిపితే గలగలలాడుతున్నాయి.

నేనేం చేశానంటే, కటింగ్ ప్లేయర్ తీసుకుని ఆ నాలుగింటినీ గట్టిగా బిగించేశాను. లూజుగా ఉన్నది బిగించాలి, అంతే కదా? పైగా మెకానిక్ దగ్గరికి వెళ్లకుండా పని అయిపోయిందని గొప్పగా అనిపించింది.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు రాత్రి అమ్మని ఎక్కించుకుని పెళ్లి నుంచి వస్తున్నాను. ఉన్నట్టుండి ముందు టైరులో గాలి పోయింది. వెనక టైరు పంక్చరైతే బండి తోక ఊపినట్టు ఊగుతుంది, ఎలాగో ఆపుకోవచ్చు. ముందు టైరులో గాలి పోతే హ్యాండిల్ మన మాట వినదు. అదృష్టం ఏంటంటే అప్పుడు ముప్ఫై స్పీడులోనే ఉన్నాం, వెనక లారీ లేదు. బండి పక్కకి ఒరిగిపోయింది. అమ్మ మోకాలు చెక్కుకుపోయింది, చీర చిరిగింది. లేచి దుమ్ము దులుపుకుని “నీకేం కాలేదు కదరా?” అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

మర్నాడు బండిని తోసుకుంటూ మా వీధి చివర షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మెకానిక్‌ని మేమంతా బాబాయ్ అంటాం. ఆయన టైరు ఊడదీసి, ట్యూబు మీద వేలు పెట్టి చూపించాడు. బయటి నుంచి మేకు గుచ్చుకోలేదు. లోపలి వైపు నుంచి చిల్లు పడింది. నేను బిగించిన పుల్ల మొన నిపుల్ దాటి బయటికి పొడుచుకొచ్చి, రిమ్ టేపుని చీల్చుకుని, ట్యూబుని పొడిచింది. “చక్రాన్ని బాగు చేశావనుకున్నావురా, లోపల సూది పెట్టావు” అన్నాడు.

అసలు తప్పెక్కడుందో తెలియాలంటే స్పోక్ వీల్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఎడ్లబండి చక్రం గుర్తు తెచ్చుకోండి. అందులో మధ్య నుంచి అంచుకి వెళ్లే చెక్కల్ని ఆకులు అంటారు. అవి లావుగా ఉంటాయి. ఇరుసు మీద పడ్డ బరువుని కిందనున్న ఆకు స్తంభంలా నిలబడి మోస్తుంది. బైకు పుల్ల అలా మోయగలదా? సన్నటి తీగ అది. రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నొక్కితే వంగిపోతుంది. అదే పుల్లని రెండు వైపులా లాగి చూడండి, మనిషి బలం చాలదు. అంటే పుల్ల బలమంతా లాగడంలో ఉంది. 1808లోనే జార్జ్ కేలీ అనే ఇంగ్లండ్ ఆయన, ఎగిరే యంత్రానికి తేలిక చక్రం కావాలని ఆలోచించి, లావు ఆకుల బదులు బిగించిన తీగలు వాడొచ్చని గీసుకున్నాడు. ఇప్పుడు మన బండిలో తిరుగుతున్నది ఆ ఆలోచనే.

మామూలు బండ్లలో ఎక్కువగా చక్రానికి 36 పుల్లలుంటాయి. సగం హబ్‌కి కుడి వైపు నుంచి, సగం ఎడమ వైపు నుంచి వచ్చి రిమ్‌కి తగులుకుంటాయి. ప్రతి పుల్లా రిమ్‌ని హబ్ వైపుకి లాగుతూనే ఉంటుంది. అన్నీ సమానంగా లాగితే రిమ్ గుండ్రంగా, మధ్యలో నిలబడుతుంది. నులక మంచం చూశారా? ఒక్క తాడు బలం మీద మనం పడుకోం. అన్నీ బిగువుగా ఉంటేనే మంచం మంచంలా ఉంటుంది. ఒకచోట వదులైతే పక్క తాళ్ల మీద బరువు పడుతుంది. మరీ ఒకచోటే బిగించారనుకోండి, పట్టె వంకర పోతుంది. చక్రం కూడా అంతే.

ఇప్పుడు గుంతలో పడ్డప్పుడు ఏమైందో చూడండి. గుంత అంచు టైరుని నొక్కి రిమ్‌కి తగిలింది. రిమ్ అక్కడ లోపలికి, అంటే హబ్ వైపుకి నొక్కుకుపోయింది. రిమ్ దగ్గరికి వచ్చేసింది కాబట్టి అక్కడి పుల్లలకి లాగడానికి ఏమీ మిగల్లేదు, అందుకే వదులయ్యాయి. అర్థమైందా? పుల్లలు వదులవడం వల్ల రిమ్ నొక్కుకుపోలేదు, రిమ్ నొక్కుకుపోవడం వల్ల పుల్లలు వదులయ్యాయి. నేను ఆ నాలుగింటినీ బిగించేసరికి అవి నొక్కుని ఇంకా లోపలికి లాగాయి. జబ్బు ఒకటైతే, నేను చేసింది దాన్ని పెంచే మందు!

అలాగని వదులుగా వదిలేసినా ప్రమాదమే. వదులైన పుల్ల చక్రం తిరిగిన ప్రతిసారీ కాస్త వదులవుతూ, కాస్త బిగుస్తూ ఉంటుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే తెగిపోతుంది కదా, అలాగే హబ్ దగ్గర వంపు తిరిగిన చోట పుల్ల తెగుతుంది. ఒకటి తెగితే దాని పని పక్క వాటి మీద పడుతుంది. ఆ తర్వాత వాటి వంతు వస్తుంది.

మరి సరైన పద్ధతి ఏంటి? బాబాయ్ చేసిన వరస చెప్తాను.

మొదట చక్రం విప్పి, టైరు, ట్యూబు తీసి రిమ్‌ని శుభ్రంగా తుడిచాడు. పుల్లల బెజ్జాల చుట్టూ, రిమ్ అతుకు దగ్గర పగులు ఉందేమో చూశాడు. పగులు ఉంటే ఇక బాగు చేయడం లేదు, రిమ్ మార్చాల్సిందే. నాది ఇనప రిమ్, పగులు లేదు, నొక్కు చిన్నది. అల్యూమినియం రిమ్ అయితే దెబ్బ కొట్టినప్పుడు పగిలే ప్రమాదం ఎక్కువ కాబట్టి, నొక్కు కాస్త పెద్దదైనా మార్చుకోవడమే మేలు.

తర్వాత నిపుల్స్‌కి నూనె పట్టించి కాసేపు వదిలేశాడు. తుప్పు పట్టిన నిపుల్‌ని బలవంతంగా తిప్పితే అంచులు అరిగిపోతాయి, లేదా పుల్లే మెలితిరిగి తెగుతుంది. ప్లేయర్ అస్సలు వాడకూడదు, స్పోక్ కీ అని విడిగా ఉంటుంది. నూనె దిగాక నొక్కు దగ్గర పుల్లల్ని ముందు వదులు చేశాడు. నేను చేసిందానికి సరిగ్గా తిరగేసి! ఆ తర్వాత చెక్క దిమ్మ ఆనించి, సుత్తితో మెల్లమెల్లగా కొట్టి నొక్కుని బయటికి తెచ్చాడు.

అప్పుడు చక్రాన్ని స్టాండుకి ఎక్కించి, రిమ్‌కి దగ్గరగా ఒక సన్న పుల్లని కదలకుండా పెట్టి తిప్పాడు. చక్రంలో రెండు రకాల ‘అవుట్’ ఉంటుంది. ఒకటి పైకీ కిందకీ ఎగరడం, రెండోది పక్కలకి ఊగడం. ముందు ఎగరడం సరిచేయాలి. రిమ్ ఎత్తుగా వచ్చే చోట రెండు వైపుల పుల్లల్నీ సమానంగా బిగిస్తే అది లోపలికి వస్తుంది, పల్లంగా ఉన్నచోట సమానంగా వదలాలి. తర్వాత ఊగడం. రిమ్ ఎడమకి పోతుంటే అక్కడ కుడి హబ్ నుంచి వచ్చే పుల్లల్ని బిగించి, ఎడమ వాటిని అంతే వదలాలి. ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే. మళ్లీ తిప్పు, మళ్లీ చూడు. చాలా బండ్ల సర్వీసు మాన్యువల్స్‌లో ఈ రెండు రకాల అవుట్‌కీ హద్దు 2 మిల్లీమీటర్లు. బాబాయ్ అంతకంటే తక్కువకే తెచ్చాడు, గంటన్నర పట్టింది.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. హబ్ వైపు నుంచి నిపుల్‌ని చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే అది వదులవుతుంది, బిగుసుకోదు. ఎందుకంటే మనం దాన్ని వెనక నుంచి చూస్తున్నాం. మనం బిగిస్తున్నామనుకుంటూ వదులు చేసేస్తాం, జాగ్రత్త.

ఆఖర్న లోపలికి పొడుచుకొచ్చిన పుల్ల మొనల్ని ఆకురాయితో అరగదీసి, కొత్త రిమ్ టేపు వేసి, కొత్త ట్యూబు ఎక్కించాడు. టైరు లోపలా, పక్కలా చేత్తో తడిమి చూశాడు. పక్కన ఎక్కడైనా ఉబ్బు ఉంటే లోపలి దారాలు తెగాయని అర్థం, ఆ టైరు ఇక వాడకూడదు. “రెండు మూడు రోజులు తిప్పి తీసుకురా, పుల్లలు సర్దుకుంటాయి, ఇంకోసారి చూస్తాను” అన్నాడు. ఈ రెండో చూపు చాలామంది ఎగ్గొడతారు. మీరు ఎగ్గొట్టకండి.

ఇదంతా ఇంట్లో మీరే చేయమని చెప్పడం లేదు. కానీ గుంతలో పడ్డ రోజే ఐదు నిమిషాల పరీక్ష మాత్రం ఎవరైనా చేయొచ్చు. ఇంజన్ ఆపి, బండి న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండ్ వేయండి. వెనక సీటు మీద ఒకరు బరువు వేస్తే ముందు చక్రం లేస్తుంది. ఫోర్కుకి చెయ్యి ఆనించి, సుద్దముక్కని రిమ్‌కి తగలకుండా దగ్గరగా పట్టుకోండి. ఇంకొకరు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి సుద్దకీ రిమ్‌కీ మధ్య సందు వీడియో తీయండి. సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే అవుట్ ఉన్నట్టే. తర్వాత చిన్న స్పానర్‌తో ఒక్కో పుల్లనీ తట్టండి. బిగువుగా ఉన్నది ‘టింగ్’ అంటుంది, వదులైనది ‘టప్’ అని మూగగా పలుకుతుంది. మూగది దొరికితే బిగించకండి, సుద్దతో గుర్తు పెట్టి మెకానిక్‌కి చూపించండి. ఆయన కూడా ఆ ఒక్కదాన్నే బిగించి పంపించేస్తుంటే, “అన్నా, ఒకసారి తిప్పి అవుట్ చూడవా?” అని అడగండి. అడగడం తప్పు కాదు, వెనక కూర్చునేది మన వాళ్లే.

ఇంకో రెండు మాటలు. గాలి తక్కువుంటే చిన్న గుంతకే రిమ్ నొక్కుకుపోతుంది, కాబట్టి మీ బండికి చెప్పినంత గాలి ఉందో లేదో వారానికోసారి చూసుకోండి. గుంత కనిపిస్తే ముందే బ్రేకు వేసి స్పీడు తగ్గించండి, గుంతలోకి దిగే క్షణంలో మాత్రం ముందు బ్రేకు వదిలేయండి. బ్రేకు పట్టుకునే దిగితే బరువంతా ముందు చక్రం మీదే ఉంటుంది, దెబ్బ రెట్టింపు తగిలినట్టు అవుతుంది.

అమ్మ మోకాలు మానిపోయింది. ఇప్పుడు కూడా నా బండి ఎక్కుతుంది. కాకపోతే ఎక్కే ముందు “చక్రం చూశావా?” అని అడుగుతుంది. చూశానని చెప్పగలుగుతున్నాను, నాకు అది చాలు. మీరు కూడా ఈ రోజు ఒక్కసారి మీ బండి పుల్లలు తట్టి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం, ఉంటాను.