వాడు మొద్దు కాదు, క్లాస్‌రూమ్ సెట్టింగ్స్ మార్చాలి

ఫోన్‌లో అక్షరాలు చిన్నగా కనిపిస్తే ఏం చేస్తారు? సెట్టింగ్స్‌లోకి వెళ్లి సైజు పెంచుకుంటారు. అంతేగానీ "నా కళ్లే దండగ" అనుకోరు కదా. మరి క్లాస్‌రూమ్‌లో మాత్రం తప్పంతా పిల్లాడిదే అంటాం, ఎందుకు?

స్కూల్లో నా పక్క బెంచీలో ఒకడుండేవాడు. లెక్క చదివి వినిపిస్తే అందరికంటే ముందు జవాబు చెప్పేవాడు. బోర్డు చూసి రాసుకోమంటే 36 కాస్తా 63 అయ్యేది. బెత్తం దెబ్బలు తిన్నాడు, "మొద్దు" అనిపించుకున్నాడు. తొమ్మిదో క్లాసులో బడి మానేశాడు. డిస్లెక్సియా అనే మాట నేను బీటెక్‌లో విన్నాను. వాడికి అదే ఉందో లేదో తెలీదు, ఎందుకంటే ఎవరూ పరీక్ష చేయించలేదు. నేనూ వాణ్ణి మొద్దు అనే పిలిచాను.

మెదడు అందరిలో ఒకేలా పనిచేయదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటివి ఉన్నవాళ్లని న్యూరోడైవర్జెంట్ అంటారు. దానర్థం తెలివి తక్కువని కాదు.

మరి క్లాసులో ఏం మార్చాలి?

ఆటిజం ఉన్న కొందరికి గోల, గట్టి వెలుతురు భరించలేనంతగా అనిపిస్తాయి. చెప్పకుండా పీరియడ్ మారిస్తే కంగారుపడతారు. అందుకే ఆ రోజు ఏ పీరియడ్ తర్వాత ఏదో బొమ్మలతో గోడకి అంటించండి. కాసేపు ప్రశాంతంగా కూర్చోడానికి ఒక మూల ఉంచండి.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి "పుస్తకం తీయ్, 42వ పేజీ, మూడో లెక్క చేసి చూపించు" అని ఒకేసారి చెప్తే సగం జారిపోతుంది. ఒక్కొక్కటిగా చెప్పాలి. కిటికీకి, తలుపుకి దూరంగా కూర్చోబెట్టాలి. మధ్యమధ్యలో నోట్‌బుక్స్ పంచే పని ఇస్తే కాస్త కదులుతారు.

డిస్లెక్సియా ఉంటే అందరి ముందు నిలబెట్టి చదివించొద్దు. బోర్డు మీది నోట్స్ ప్రింట్ తీసి ఇవ్వండి. జవాబు నోటితో చెప్పనివ్వండి.

వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చేం లేదు. మిగతా పిల్లలకీ ఉపయోగమే.

ఇది జాలిపడి చేసే సాయం కాదు, హక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం విడిగా లేదు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని సెక్షన్ 17 చెప్తుంది. వీటికి మామూలుగా సర్టిఫికెట్ అడుగుతారు. కాబట్టి టెన్త్ హాల్‌టికెట్ వచ్చేదాకా ఆగొద్దు, ముందే పరీక్ష చేయించండి.

మీ తమ్ముడో చెల్లో "నాకు చదువు రాదు" అంటే, తిట్టేముందు ఒక్కసారి ఆగి ఎక్కడ కష్టంగా ఉందో అడగండి. మా క్లాసులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఉంటాను, మళ్లీ కలుద్దాం.