చెంబులో చిక్కిన వెలుగు

చింతపండుతో తోమి, కడిగి, ముంగిట బోర్లించిన యిత్తడి చెంబును ఎపుడైన నిదానించి చూచితిరా? పైని ఆకాశము, ప్రక్కనున్న గోడ, తులసికోట, తుదకు వంగి చూచుచున్న మన ముఖము, అన్నియు ఆ గుండ్రని యొడలిమీద ఒదిగియుండును. మనము నిత్యము చూచి మఱచు నీ వింతనే యాధారముగా గొని, కంప్యూటరులో మలచిన రూపములకు లోకములోని నిజమైన వెలుతురును ప్రసాదించు విద్య యొకటి కలదు. మా యింట జరిగిన యొక చిన్న సంగతివలన నా కది తెలియవచ్చెను.

మా యిల్లు సింహాచలము కొండ దిగువను గలదు. మా అత్తగారి పుట్టింటివా రిచ్చిన యిత్తడి దీపపు సెమ్మె తులసికోట చెంత నుండెడిది. మావారి ఉపాధ్యాయ శిక్షణకు రుసుము చాలక, 2011లో అత్తగారే దానిని అమ్మించిరి. నాటినుండి అది యొక పాత పెండ్లి ఛాయాచిత్రములో మాత్రమే మిగిలినది. ఇటీవల మా మఱిది కుమారుడు, కంప్యూటరుపై బొమ్మలు చేయు పని నేర్చినవాడు, ఆ చిత్రమును చూచి సెమ్మెను మలచి, మా ముంగిలి ఛాయాచిత్రములో నిలిపి తెచ్చెను.

అత్తగారు కండ్లద్దములు సవరించుకొని చూచి, "వంపులన్నీ సరిగానే యున్నవి నాయనా. కాని యిది మన ముంగిట నిలువలేదు, అతికించినట్లున్నది" అనిరి. నిజమే. మధ్యాహ్నపు టెండలో తులసికోటకు నల్లని నీడ యున్నది, సెమ్మెకు లేదు.

కారణ మేమని యడుగగా అబ్బాయి యిట్లు చెప్పెను. ఎండలోనుండి అప్పన్న దేవాలయపు మండపములోనికి అడుగిడగనే మన కండ్లు చీకట్లు క్రమ్మును. క్షణకాలము తాళిన పిమ్మట స్తంభములపై శిల్పములు తోచును. మన కన్నులకు అట్లు సర్దుకొను శక్తి గలదు. మధ్యాహ్నపు టెండ దాదాపు 1,00,000 లక్సులు. విద్యుద్దీపము వెలిగించిన గదిలోని వెలుతురు కొన్ని వందలు మాత్రమే. సామాన్యమైన ఛాయాచిత్రమున ఒక్కొక్క రంగునకు 256 మెట్లే యుండును. కావున సున్నము కొట్టిన గోడయు తెలుపే, దానికంటె వేల రెట్లు ప్రకాశించు సూర్యబింబమును తెలుపే! అట్టి చిత్రమునుండి వెలుగును తీసికొనిన యెడల, సూర్యుడు గోడతో సమానుడై పోవును. వానికి నీడ వేయు బలము చాలదు. అబ్బాయి మొదట చేసిన పొరపా టిదియే.

ఈ చిక్కునకు పరిష్కారమును పాల్ డెబెవెక్, మన దేశమున బుట్టిన జితేంద్ర మాలిక్ అను కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు 1997లో ప్రకటించిరి. ఒకే దృశ్యమును, కెమేరా రెప్ప తెఱచియుంచు కాలమును మార్చుచు పలుమాఱులు చిత్రింపవలెను. అల్పకాలపు చిత్రములో సూర్యుని మెఱుపు, దీర్ఘకాలపు చిత్రములో చూరుక్రింది నీడ స్పష్టమగును. ఆ కాలములను లెక్కించి అన్నిటిని కలిపినచో, ప్రతి బిందువునందును నిజమైన వెలుగెంతయో తేలును. దీనికే హై డైనమిక్ రేంజి చిత్రమని పేరు. మఱుసటి సంవత్సరము, అనగా 1998లో, డెబెవెక్ అద్దమువంటి గోళమును దృశ్యమధ్యమున నుంచి యిట్టి చిత్రము తీసి, దానిలోని వెలుగుతోనే కల్పిత వస్తువులను వెలిగించు పద్ధతిని చూపెను. రాజమౌళి గారి 'ఈగ' 2012లో వచ్చినపుడు, కంప్యూటరున బుట్టిన కీటకము నిజమైన మనుష్యుల నడుమ తిరుగగా మనము నమ్మితిమి గదా! వెలుగు పొసగనిదే అట్టి నమ్మకము కలుగదు.

మఱునాడు మధ్యాహ్నము అబ్బాయి, సెమ్మె యుండెడి చోటనే పీటవేసి, మెఱుగుపెట్టిన యుక్కు గోళ మొకటి దానిపై నుంచెను. "మా చెంబు పనికిరాదా?" యని యడిగితిని. "ఇత్తడి తన పసుపును వెలుగునకు అంటించును పెద్దమ్మా, నొక్కులు దిక్కులను తప్పించును" అని నవ్వెను. సూర్యుని మెఱుపును పట్టుటకై కెమేరాకు నల్లని గాజుపలక అడ్డుపెట్టి కొన్ని, తీసివేసి కొన్ని చిత్రములు తీసెను. నేలను వేఱుగా లెక్కలోనికి దెచ్చెను. ఏలయన, సెమ్మె నీడ దానిపై బడవలెను, దాని యెఱ్ఱదనము సెమ్మెకు అంటవలెను.

సాయంకాలమునకు చిత్రము సిద్ధమైనది. సెమ్మె నీడ తులసికోట నీడతో ఒకే దిక్కున బడినది. తలపై ఆకాశపు నీలిమ, పాదమున జేగురు రంగు తోచినవి. అత్తగారు చాలసేపు పలుకక, "నూనె పోయవలె ననిపించుచున్నది" అనిరి. పిదప దానిని పెద్దల పటముల ప్రక్కన తగిలింపుమనిరి.

నా మనస్సు వెనుదీసినది. నీడ లేనినా డది కల్పితమని ముసలికన్నులే కనిపెట్టినవి. నీడ కుదిరిన పిమ్మట కనిపెట్టు టెట్లు? రేపు మా పిల్లలు ఈ సెమ్మె యెన్నడును ఇల్లు విడువలేదని తలంతురు. దానితోపాటు అత్తగారి త్యాగమును మాసిపోవును. ఈ మాట చెప్పగా ఆమె యొప్పుకొనిరి.

మన బాలికలు ఈ విద్య నభ్యసింపవచ్చును. బ్లెండర్ అను సాధనము ఉచితముగా దొరకును. పాలీ హేవెన్ వారు ఇట్టి వెలుగు చిత్రములను మూల్యము లేకయే యిచ్చుచున్నారు. ఐతే చేసినదానిని చేసినట్లు చెప్పుటయు ఆ విద్యలో భాగమని వారికి నేర్పుదము.

పటము నేడు గోడపై నున్నది. దాని క్రింద మావారి చేతివ్రాతతో నిట్లున్నది: "ఈ సెమ్మె ఇంటి కుమారుని చదువునకై 2011లో అమ్మబడినది. ఈ రూపము కల్పితము. దానిపై బడిన వెలుగు మాత్రము మన ముంగిటిదే."