టవర్ల హాజరుపట్టీ

పిల్లలూ! అర్ధరాత్రి అగ్నిమాపకదళం బండి పరుగెత్తుతున్నదనుకోండి. దారిలో దాని రేడియో మూగబోతే? మంట ఎటు ఉన్నదో తెలియదు. ప్రాణాలే పోవచ్చు!

అమెరికాలో మిచిగన్ అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ డెట్రాయిట్ పోలీసులు 1928లో కార్లలో రేడియోలు పెట్టారు. కాని వాటిలో వినడమే. బదులు చెప్పాలంటే టెలిఫోను వెతుక్కోవలసిందే! ఇప్పుడు ఆ రాష్ట్రమంతటా 200కు పైగా రేడియో టవర్లున్నాయి. పోలీసులు, అగ్నిమాపకదళంవారు వాటి ద్వారా మాట్లాడుకుంటారు.

ఒక టవరు మాట కొంతదూరమే పోతుంది. బండి ఆ దూరం దాటగానే రేడియో మరో టవరును అందుకోవాలి. ఎలాగంటారా? ప్రతి టవరూ ఎడతెగకుండా సంకేతాలు పంపుతూ ఉంటుంది: "నా నంబరు ఇది. నా ఇరుగుపొరుగు టవర్లు ఇవి. వాటి చానళ్లు ఇవి." ఈ సంకేతాలన్నీ సున్నాలూ, ఒకట్లే. సెకనుకు 9,600 చొప్పున వస్తాయి!

కొత్త టవరు లేచినా, పాతది చానలు మార్చినా ఈ జాబితా మారాలి. మారకపోతే రేడియో పొరుగు టవరును వెతుక్కుంటూ తడబడుతుంది. అందుకే ఇంజనీర్లు దీనిని కనిపెట్టి ఉంటారు. రేడియో అంటే సరదా గలవారు కొందరు ఇంట్లో కూర్చునే ఈ సంకేతాలు పట్టి, నిన్నటి జాబితాతో నేటిది పోల్చి, "కొత్త టవరు వచ్చింది!" అని పసిగడతారు.

నేను ఎన్నో ఏళ్లు బడిలో హాజరు పిలిచాను. పట్టీలో పేరు ఎక్కని పిల్లవాణ్ణి ఎవరు పిలుస్తారు? టవరు సంగతీ అంతే!