మంటల్లో గట్టిపడిన పుస్తకాలు

అకడమిక్ ఇయర్ అయిపోగానే మీ ఇంట్లో పిల్లల పాత నోట్‌బుక్స్ ఏమవుతాయి? చాలా ఇళ్లలో కిలోల లెక్కన పాత పేపర్ల వాళ్లకు వెళ్లిపోతాయి. ఈసారి వేసేముందు ఈ సంగతి చదవండి.

ఇప్పటి ఇరాక్‌లో నినెవే అనే నగరం ఉండేది. అసిరియా రాజు అషుర్‌బనిపాల్ అక్కడ పెద్ద గ్రంథాలయం పెట్టాడు. పుస్తకాలంటే మట్టి పలకలే. పచ్చిగా ఉండగానే రెల్లు పుల్లతో అక్షరాలు నొక్కి ఆరబెట్టేవారు. క్రీ.పూ. 612లో బాబిలోన్, మీడ్‌ల సేనలు నగరాన్ని తగలబెట్టాయి. కాగితమైతే బూడిదే. మట్టి కదా, చాలా పలకలు ఆ మంటల్లో ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి! గెలిచిన బాబిలోన్ సామ్రాజ్యం క్రీ.పూ. 539లో పడిపోయింది. పలకలు 19వ శతాబ్దం మధ్యలో తవ్వకాల్లో బయటపడ్డాయి. సుమారు 30,000 పలకలు, ముక్కలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1872లో జార్జ్ స్మిత్ వాటిలో జలప్రళయం కథను గుర్తించాడు. అది గిల్గమేష్ గాథలో భాగం.

టీచర్‌గా నాకు ఇంకా ఇష్టమైనవి నిప్పూర్‌లో దొరికిన బడి పలకలు. వీటి వయసు దాదాపు 3,700 ఏళ్లు. కొన్నిటి మీద గురువు రాసిన వాక్యం, దాన్ని చూసి శిష్యుడు రాసిన కాపీ రెండూ ఉన్నాయి. ఆ పిల్లవాడి పేరు మనకు తెలియదు, చేతిరాత మాత్రం తెలుసు.

అన్ని సబ్జెక్టులవీ అక్కర్లేదు. ఒక తెలుగు నోట్‌బుక్, ఒక ఇంగ్లిష్ నోట్‌బుక్ దాచండి. మార్కులు ఎలాగూ యాప్‌లో ఉంటాయి. అట్ట మీద పేరు, తరగతి, తేదీ రాయించండి, పిల్లల చేతే.