బాలింత బడ్జీకి ఏం పెట్టాలి?

పంజరంలో గింజల గిన్నె నిండుగా కనిపిస్తోంది కదా? ఒక్కసారి గట్టిగా ఊది చూడండి. పైనున్నదంతా ఎగిరిపోతే అది గింజ కాదు, పొట్టు. బడ్జీ గింజను అలాగే మింగదు. ముక్కుతో ఒలిచి లోపలి పప్పు తిని, పొట్టును అదే గిన్నెలో వదిలేస్తుంది. తిండి ఉందనే భ్రమలో యజమాని, ఆకలితో పక్షి! ఒంటరి పక్షికే ఇది ప్రమాదం. గూటిలో పిల్లలున్న జంటకైతే ఒక్క పూట పస్తు కూడా ప్రాణం మీదికి వస్తుంది.

మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అని పిలిచే పక్షులు చాలావరకు ఈ బడ్జీలే. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, బడ్జీలు ఆస్ట్రేలియావి. 1840లో జాన్ గూల్డ్ వీటిని ప్రాణాలతో ఇంగ్లండ్‌కు చేర్చాక ప్రపంచమంతా వ్యాపించాయి. సింగపూర్ హెచ్‌డీబీ ఫ్లాట్లలో పెంచుకోవడానికి ఇంతకంటే తేలికైన పక్షి లేదనిపిస్తుంది. గూటిపెట్టె తగిలించిన రోజు నుంచి మాత్రం లెక్క మారుతుంది.

పెట్ట బరువు సుమారు 35 గ్రాములు. గుడ్డు 2 గ్రాములు. రోజు విడిచి రోజు ఒక్కోటి చొప్పున నాలుగు నుంచి ఆరు పెడుతుంది. ఆరు పెడితే పదకొండు రోజుల్లో తన బరువులో మూడో వంతు బయటికి పంపినట్టే. ఒక్కో గుడ్డును దాదాపు 18 రోజులు పొదుగుతుంది. రెండు గ్రాములైనా లేని పిల్ల నాలుగు వారాల్లో ముప్పై గ్రాములు దాటుతుంది. పొదిగే రోజుల్లో తల్లి గూడు విడిచి వచ్చేది అరుదు. తండ్రి గిన్నె దగ్గర కడుపు నింపుకొని, గూటి రంధ్రం దగ్గర వాలి, తల ఊపుతూ తిన్నది కక్కి తల్లి నోటికి అందిస్తాడు. తల్లి దాన్ని పిల్లలకు పెడుతుంది. అంటే పిల్ల నోటికి చేరేది మొదట తండ్రి తిన్నదే.

ఇన్ని నోళ్లకు ఎండు గింజ చాలదు. ఎందుకో తెలియాలంటే వాటి పుట్టింటిని చూడాలి. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాది వర్షం 300 మిల్లీమీటర్ల లోపే. అక్కడ బడ్జీలు క్యాలెండర్ చూసి గూడు కట్టవు. వాన పడి, గడ్డి మొలిచి, కంకి పాలు పోసుకునే వేళకు జంట కడతాయి. పిల్లలు నోరు తెరిచేసరికి మెత్తటి పచ్చి గింజ సిద్ధంగా ఉంటుంది.

ఆ పాలకంకిని ఫ్లాట్‌లో తయారుచేయవచ్చు. కొర్రలు, వరిగలు రాత్రి నానబెట్టి, ఉదయం కడిగి, జల్లెడలో పలచగా పరిచి తడిగుడ్డ కప్పండి. పూటపూటకీ కడుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొన తొంగిచూస్తుంది. అప్పుడే పెట్టాలి. మొలక వాసన వస్తే, జిగటగా తగిలితే పారేయాలి. సింగపూర్ ఉక్కలో బూజు పట్టడానికి ఒక్క పూట చాలు. మొలకలైనా, ఉడికించిన గుడ్డయినా గిన్నెలో రెండు గంటలకు మించి ఉంచవద్దు. ఎండు గింజలను కూడా కొద్దికొద్దిగా కొని గాలి చొరని డబ్బాలో దాచుకోండి.

పక్షికి గుడ్డు పెట్టడమా అని ముఖం చిట్లించకండి. చిరుధాన్యాల్లో ప్రొటీన్ సుమారు 12 శాతం. మరో ఆస్ట్రేలియా చిలుక కాకటీల్ పిల్లలపై జరిగిన పరిశోధనలో 20 శాతం ప్రొటీన్ ఉన్న తిండితో ఎదుగుదల బాగా కనిపించింది. పైగా చిరుధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటును గుడ్డు తీరుస్తుంది. గట్టిగా ఉడికించి, మెత్తగా చిదిమి, తురిమిన క్యారెట్‌తో కలిపి జంటకు రోజూ ఒక చెంచా పెడితే చాలు.

ఇక సున్నం సంగతి. గుడ్డు పెంకులో అధిక భాగం కాల్షియం కార్బొనేటే. పెట్ట గుడ్లకు ముందే ఎముకల లోపల కాల్షియం నిల్వ చేసుకుని, పెంకు కట్టేటప్పుడు దాన్ని వాడుకుంటుంది. ఆ నిల్వ లేకపోతే గుడ్డు లోపలే అడ్డుపడవచ్చు. పెట్ట ఒళ్లు ఉబ్బించుకుని పంజరం అడుగున ముక్కుతూ కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా పక్షుల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

కొర్రల్లో కాల్షియం 100 గ్రాములకు 30 మిల్లీగ్రాముల చుట్టూ, రాగుల్లో 340 పైచిలుకు. సెరంగూన్ రోడ్డు దుకాణాల్లో రాగులు దొరుకుతాయి, గింజల్లో కొన్ని కలపండి. అసలు ఆధారం మాత్రం మన ఆయుర్వేదం సముద్రఫేనం అనే తెల్లటి పలక. అది నిజానికి నురుగు కాదు, కటిల్ ఫిష్ లోపలి పెంకు. పంజరానికి కట్టేస్తే పెట్ట తనకు కావలసినంత గీరుకుంటుంది. ఆ కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి. కిటికీ అద్దం దానికి అవసరమైన అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది కనుక, జత కట్టే ముందు రోజుల్లో, నీడ కూడా అందేలా చూసి, కాసేపు పంజరాన్ని లేత ఎండలో ఉంచండి. మందుల చుక్కలు మాత్రం వైద్యుడు చెబితేనే. ఎక్కువైతే అదీ విషమే.

గింజల్లో దాదాపు లేని విటమిన్ ఎ కోసం ఆకుకూర పెట్టాలి. టెక్కా మార్కెట్ మునగాకు, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరికే బోక్ చోయ్ మంచివి. పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది, అది రోజూ వద్దు. అవకాడో, చాక్లెట్, కాఫీ దరిదాపుల్లోకి రానివ్వకండి. అవకాడో బడ్జీల గుండెను దెబ్బతీసి చంపేస్తుంది. ఈ కొత్త తిండి ఏదైనా జత కట్టడానికి రెండు మూడు వారాల ముందే అలవాటు చేయాలి. తెలియని వస్తువును బడ్జీ తిండిగా గుర్తించదు.

చివరిగా, ఎప్పుడు ఆపాలన్నది. ఏటా 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే సింగపూర్‌లో బడ్జీకి ఎప్పుడూ పంట కాలమే. దానికితోడు మనం మొలకలు, గుడ్డు పెడుతూ పోతే పెట్ట ఈతల మీద ఈతలు పెట్టి ఒట్టిపోతుంది. ఆస్ట్రేలియాలో ఎండలు వచ్చి, గడ్డిని ఎండగట్టి ఆ ఈతలను ఆపుతాయి. ఇక్కడ ఆ ఎండాకాలం మీరే కావాలి. రెండు ఈతలయ్యాక పిల్లలు సొంతంగా గింజ ఒలవడం నేర్చాయో లేదో చూసుకుని, మొలకలు, గుడ్డు ఆపి గూటిపెట్టె దించేయండి. కటిల్ ఫిష్ పలకను, ఆకుకూరను మాత్రం తీయకండి.