కలప తునక చెప్పే వేడి లెక్క!

తెనాలి, బాపట్ల అనగానే పచ్చటి వరిచేలు గుర్తొస్తాయి. వాటి అడుగున ఉన్నదేమో చమురు, గ్యాస్‌కు పేరుపడ్డ కృష్ణా-గోదావరి బేసిన్‌! సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా నుంచి భారత్‌ విడిపోతున్నప్పుడు ఇక్కడి నేల చీలింది. బాపట్ల దగ్గర గట్టులా నిలిచి, ఇరువైపులా కుంగింది. ఆ పల్లాల్లో బురద పొరలుపొరలుగా పేరుకుని రాయైంది. లోతుకెళ్లేకొద్దీ వేడే. సుమారు 60 నుంచి 120 డిగ్రీల్లో మగ్గితే అందులోని జీవపదార్థం చమురవుతుంది. ఇంకా కాగితే గ్యాసే.

మరి కోట్ల ఏళ్లనాటి వేడిని కొలిచేదెలా? రాతిలో చిక్కుకున్న కలప తునకలతో! వాటిలోని విట్రినైట్‌ వేడెక్కేకొద్దీ మెరుపు తేలుతుంది. తర్వాత చల్లారినా ఆ మెరుపు తగ్గదు. మైక్రోస్కోపు కింద పెడితే, తనపై పడిన కాంతిలో దాదాపు 0.6 శాతాన్ని వెనక్కి పంపిందంటే చమురు మొదలైనట్టు. 1.3 శాతం దాటితే ఇక గ్యాసే. ఈ లెక్క తప్పిందా... కోట్లు పోసి తవ్విన బావి వట్టిపోయినట్టే!