బురదలో దొరికిన కొత్త జీవి

వానపామును ఎరుగని వారుండరు. దానికి సముద్రంలో బంధువులున్నాయని మీకు తెలుసా? వానపాము ముళ్లు కంటికి ఆనవు. ఈ సముద్రపు పురుగులకైతే ప్రతి ఖండితానికీ ఇరుప్రక్కల కాళ్లవంటి పార్శ్వపాదాలు, వాటికి కుచ్చులుగా ముళ్లు ఉంటాయి. అందుకే వీటిని పాలీకీటాలు, అంటే 'అనేక ముళ్లు గలవి' అన్నారు.

పశ్చిమ బెంగాల్ తీరాన ఇటువంటి రెండు కొత్త జాతులను కనుగొన్నట్లు భారత జంతు సర్వేక్షణ సంస్థ 2025లో తెలిపింది. రెండవదాని పేరు నీరిస్ ధృతియే. మొదటిది నమలికాస్టిస్ సోలెనోటోగ్నాతా. మడచెట్ల కలప కుళ్లి, హైడ్రోజన్ సల్ఫైడు కంపు కొట్టే బురదలో ఇది హాయిగా బ్రతుకుతుంది!

కొత్తదని ఎలా తేల్చారు? పురుగును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి దవడలు, ముళ్లు, స్పర్శశృంగాలు పరిశీలించి, ఇదివరకు వర్ణించిన జాతులతో పోల్చాలి. దేనితోనూ సరిపడకపోతేనే కొత్తది. ఈ పురుగు దవడలో కాలువలున్నాయి. దాని గ్రీకు పేరుకు అర్థమదే. వర్ణించిన నమూనాలలో ఒకదానిని 'హోలోటైప్' పేరున భద్రపరుస్తారు. రేపు ఎవరికి సందేహం కలిగినా దానితోనే సరిచూసుకోవాలి.

ఇంత శ్రమ దేనికంటారా? కాపిటెల్లా అనే పురుగు పెరిగితే నీరు కలుషితమైందని గుర్తించేవారు. అది ఒకే జాతి కాదనీ, కనీసం ఆరు జాతులనీ 1976లో బయటపడింది! ఆరింటి జీవితచరిత్రలూ వేరు. పురుగును పొరబడితే నీటి సంగతీ పొరబడతాం.

కనుక విద్యార్థులారా, ఈసారి సముద్రతీరానికి వెళితే అలలతోపాటు బురదనూ కాస్త చూడండి!